మైనపు గుడ్డ

పోయిన నెలలో ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ విజయనగరం వచ్చింది. పేరు రోహిణి. విశాఖలో ఎల్.ఎల్.ఎం. చదువుతోంది, అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం. నేనూ ఒకప్పుడు అదే చదివానని, ఈ వైపు నుంచి ఆ చదువుకి మొదట వెళ్ళినవాళ్ళలో నేనొకణ్ణని ఆమెకి ఎవరో చెప్పారట. ఆ మాట వినగానే నాకు లోపల కాస్త గర్వం కలిగింది, దాచడమెందుకు. ఎనభై దాటినా ఆ జబ్బు పోలేదు. కాఫీ తాగుతూ ఓ పావుగంట మా రోజుల గొప్పలు చెప్పాను. ఒప్పందాల ప్రతులు సైక్లోస్టైల్ కాగితాల మీద వచ్చేవనీ, ఒకే ప్రతిని క్లాసు మొత్తం వంతులేసుకుని చేత్తో ఎత్తిరాసుకునేవాళ్ళమనీ చెప్పాను. ఆ పిల్ల ఫోన్లో అవే ఒప్పందాలు తెరిచి చూపించింది. నేను ఆర్నెల్లు పడి సంపాదించినది ఆమె అరచేతిలో రెండు క్షణాల్లో కనబడింది. నవ్వుకున్నాం.

ఆ తరవాత సంచిలోంచి ఒక జెరాక్సు కట్ట తీసింది. కొండల్లో గొడవలు జరిగిన ఆ రోజుల నాటి పంచనామాలు. పంచనామా అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. పోలీసులు ఎవరి దగ్గరైనా ఏదైనా పట్టుకుంటే, అది మా కళ్ళముందే దొరికింది అని ఇద్దరు ఊరి పెద్దమనుషులు సంతకం పెట్టిన కాగితం. కోర్టులో దాని బరువు ఆ సంతకాల బరువే. రోహిణి అలాంటివి ఒక పాత రికార్డు గదిలోంచి తవ్వి తీసింది. నిందితుడికి న్యాయమైన విచారణ దొరకాలన్న హక్కు ఆ రోజుల్లో ఇక్కడ ఎంతవరకు దొరికిందన్నది ఆమె థీసిస్. "అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి సార్. పేర్లు మారతాయి, అంతే. ఒక్కటి మాత్రం వేరు" అని కట్టలోంచి రెండు కాగితాలు విడదీసి నా ముందు పెట్టింది. "ఇది మాత్రం చూసినవాళ్ళు రాసినట్టుంది. చూడండి, కరపత్రాలు మైనపు గుడ్డలో చుట్టి ఉన్నాయని రాశారు. కల్పించేవాడికి అలాంటి సంగతి తట్టదు కదా సార్. ఆఖరి పేజీ చెదలు తినేసింది, సంతకాలెవరివో తెలీదు. తీర్పు కూడా దొరకలేదు. ఈ ఒక్క పంచనామాని నిజమైనదానికి ఉదాహరణగా పెడదామనుకుంటున్నాను. మీరు ఒకసారి చూసి చెప్తే పెట్టేస్తాను."

కళ్ళజోడు పెట్టుకున్నాను. చూడ్డానికేముంది. 'క్ష' కింద తోక అలా బారుగా లాగడం నాకు మా తెలుగు మేష్టారు మాన్పించలేకపోయిన అలవాటు. ఆ రాత నాది.

అమ్మాయికి ఏం చెప్పానో తరవాత చెబుతాను. ముందు ఆ గుడ్డ సంగతి చెప్పాలి.

మా ఊరు కోటబొమ్మాళి స్టేషనుకి మూడు మైళ్ళు. మా నాన్న ఊరి మునసబు. పొద్దున్నే చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని తిని, చుట్ట వెలిగించుకుని, వీధి పంచలో పడక్కుర్చీ వేసుకు కూర్చుంటే మధ్యాహ్నం వరకు లేచేవాడు కాదు. ఊళ్ళో పశువు తప్పిపోయినా, మనిషి తప్పిపోయినా కబురు ముందు ఆ కుర్చీ దగ్గరికే వచ్చేది. పోలీసులొచ్చినా అక్కడికే. మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాకుండానే పంచలో ఎవరున్నారో చెప్పేది. కరణం వస్తే నశ్యం వాసన, గుమస్తా వస్తే ఆముదం వాసన. పోలమ్మప్ప వస్తే ఇంక చెప్పేదేముంది, వీధి మొగలోనే తెలిసిపోయేది.

పోలమ్మప్ప సముద్రపు ఒడ్డు పల్లె మనిషి. మా పల్లెవైపు అక్కని అప్ప అంటాం, అమ్మ అలా పిలిచేది కాబట్టి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఎండు చేపలు గంపకెత్తుకుని కొండకింద సంతలకి పోయేది. దారిలో మా ఊరు. ఆమెవి డబ్బు బేరాలు కావు. కొండోళ్ళకి ఎండు నెత్తళ్ళు, సావడాయిలు ఇచ్చి చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, తేనెమైనం తెచ్చుకునేది. వస్తూ వస్తూ మా పెరట్లో గంప దించి, మా అమ్మ ఇచ్చిన సోడి అంబలి తాగి, అడ్డపొగ వేసుకుని, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ, ఆ నోటితోనే కబుర్లన్నీ చెప్పేది. నిప్పు నోట్లో పెట్టుకుని అంత తీరిగ్గా మాట్లాడే మనుషుల్ని నేను తరవాత ఎక్కడా చూడలేదు. వెళ్ళేముందు అమ్మకి గుప్పెడు నెత్తళ్ళు వదిలిపెట్టేది. ఆ రోజు వంకాయలో అవి పడేవి. వాల్తేరు హాస్టల్లో రెండేళ్ళు నేను కల కన్నది ఆ కూర వాసనే.

ఆమె గంప ఎలా సర్దేదో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. అడుగున అడ్డాకులు రెండు వరసలు, వాటిమీద చేప, మళ్ళీ ఆకు, మళ్ళీ చేప. ఒకసారి మా నాన్న పారేసిన పేపరు తెచ్చి, "ఇది పరుచుకో అప్పా" అన్నాను. ఆమె నవ్వింది. "కాయితం ఎయ్యకూడదు బాబూ. ఉప్పు తాగీస్తాది. సేపకి అంటుకుపోయి రెండూ పాడైపోతాయి" అంది. చిన్న మాట. అలాంటి మాటలు ఎందుకు గుర్తుంటాయో తెలీదు. కొన్ని అక్కరకొచ్చేటప్పుడే అడ్డం పడతాయి.

నేను బి.ఎల్. అయి ఎం.ఎల్.లో చేరినప్పుడు మా ఇంట్లో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. ప్లీడరు గుడ్డలేసుకుని కోర్టుకి పోవలసినవాడు మళ్ళీ పుస్తకాలు పట్టుకోవడమేమిటని నాన్నకి చిరాకు. "ఏ దేశం లా రా అది?" అని అడిగాడు. అన్ని దేశాలదీ అన్నాను. "మరైతే ఏ కోర్టులో సెల్తాది?" ఏ కోర్టులోనూ చెల్లదు, దేశాలు ఒప్పుకుంటేనే అన్నాను. నాన్న చుట్ట పొగ వదిలి కరణం వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నా మనసులో దిగబడిపోయింది. మా ప్రొఫెసరు గారు మాత్రం క్లాసులో ఆ ఒప్పందాలు చదువుతుంటే మాకు ఒళ్ళు జలదరించేది. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషే అని దేశాలన్నీ కూర్చుని రాసుకున్నాయంటే అది నాకు అప్పట్లో పెళ్ళికంటే పెద్ద సంగతి. నా థీసిస్ దాని మీదే. నిందితుడి హక్కులు. ఏ మనిషి చేతా తనకి వ్యతిరేకంగా తానే చెప్పించకూడదు, తన మీద సాక్ష్యం చెప్పినవాణ్ణి ప్రశ్నించే హక్కు ఆ మనిషికుంది, ఇలాంటివన్నీ నాకు కంఠతా వచ్చు. ఇప్పటికీ వచ్చు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

రెండో ఏడు వానాకాలం సెలవులకి వచ్చి తిరిగి వెళ్ళేరోజు పోలమ్మప్ప మా పెరట్లో ఉంది. నా థీసిస్ చిత్తుప్రతి సంచిలో సర్దుకుంటున్నాను. బయట ముసురు. "ఆ కాయితాలు ఈ వానకి ఆగుతాయేటి బాబూ?" అని, తన రొంటిన ఉన్న పొగాకు మూట విప్పి, పొగాకు కొంగులో పోసుకుని, ఆ గుడ్డ నాకిచ్చింది. తెరచాప గుడ్డకి తేనెమైనం కాచి పట్టించినది. సంత నుంచి ఆమె తెచ్చిన మైనమే. వాళ్ళాయన తెప్ప మీద చుట్టలు, అగ్గిపెట్టె తడవకుండా ఉండడానికి చేసుకునేవాడట, ఒకటి ఆమెకీ చేసిచ్చాడు. అంచులు వల తాడుతో కుట్టాడు, కుట్టు మా దర్జీకి కూడా అంత వరసగా రాదు. "మరి నీ పొగాకు?" అంటే, "నాను సముద్రం మీద తిరుగుతానేటి, పోనీ పట్టుకెల్లు" అంది. ఆ గుడ్డలో నా థీసిస్ మూడుసార్లు రైలెక్కి దిగింది. ఒక్క కాగితం చెమ్మగిల్లలేదు. మైనం, పొగాకు, ఉప్పు కలిసిన వాసన మాత్రం ప్రతి పేజీకీ పట్టింది. మా ప్రొఫెసరు గారు ఒకసారి ఒక అధ్యాయం చేతిలోకి తీసుకుని ముక్కు చిట్లించి, చెయ్యి బారుగా చాపి పట్టుకుని చదివారు.

దసరా సెలవులకి వచ్చేసరికి మావైపు గాలే మారిపోయింది. కొండల్లో గొడవలు, సంతల దగ్గర పోలీసు గుడారాలు. కొండకి పోయేవాళ్ళని, వచ్చేవాళ్ళని ఆపి వెతికేవారు. మా నాన్న పడక్కుర్చీ దగ్గరికి ఇదివరకు పశువుల తగాదాలు వస్తే, ఇప్పుడు జీపులొస్తున్నాయి. సంతలకెళ్ళడం మానెయ్యమని అమ్మ పోలమ్మప్పకి చెప్పింది. "నానెల్లకపోతే కొండోలు ఉప్పు లేకుండా తింటారు, మేం పులుపు లేకుండా తింటాం. ఎవులికేటి లాభం?" అందట.

ఒకరోజు పదకొండు గంటల వేళ సబిన్స్‌పెక్టరు వచ్చాడు. పేరెందుకులెండి, పోయాడు. మంచి పొడగరి, మర్యాదగా మాట్లాడేవాడు. వెనకాల కానిస్టేబులు ఒక గంప తెచ్చి పంచలో మూల పెట్టాడు. చేపల వాసన గుప్పుమంది. గంప అంచుకి చుట్టిన నీలం వల తాడు చూసేసరికి అది ఎవరి గంపో నాకు తెలిసిపోయింది. వంటింట్లో అమ్మకీ తెలిసింది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కొండమీదోళ్ళకి కరపత్రాలు మోస్తోందని పోలమ్మని పొద్దున్న సంతదారిలో పట్టుకున్నాం, క్యాంపులో ఉంచాం, పంచనామా మీద ఇద్దరి సంతకాలు కావాలి అన్నాడు ఎస్సై. అప్పటికే రాసి ఉంది. మా ఊళ్ళో అది వింతేమీ కాదు. పంచనామా ముందు రాయడం, తరవాత పెద్దమనుషుల ఇళ్ళకి తెచ్చి సంతకాలు చేయించుకోవడం మామూలే. ఎవరూ చూసినదేమీ ఉండదు. కరణం చదవకుండానే పెట్టేసి వెళ్ళిపోయాడు. రెండో సంతకం పెట్టే నాయుడు గారు కూతురింటికి గజపతినగరం వెళ్ళారు. నాన్న నా వైపు చూశాడు. "ఒరే, నువ్వు పెట్టీ" అన్నాడు, నీళ్ళు తెమ్మన్నట్టు.

పెట్టనని అనగలిగేవాణ్ణా? అనగలను. నాన్న కేకలేసేవాడు, ఎస్సై ఇంకో ఇంటికి పోయేవాడు, అంతే. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

ఎస్సై కాగితం నాకందిస్తూ, "బాబు గారు పెద్ద లా చదువుతున్నారట కదా. మీ సంతకమైతే మేజిస్ట్రేటు గారు ఇంక మాట్లాడరు" అన్నాడు. మా పంచలో నా చదువుకి విలువ కట్టిన మొదటి మనిషి ఆయనే. నేను కాగితం చదివాను. కరపత్రాలు కూడా చూపించాడు. గంప అడుగున, చేపల కింద దొరికాయని రాసి ఉంది. కరపత్రాలు ఫెళఫెళలాడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సిరా వాసన తప్ప ఇంకే వాసనా లేదు. కాయితం ఉప్పు తాగీస్తాది. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. అవి ఆ గంపలో ఒక్క నిమిషం కూడా లేవని నాకు ఆ క్షణంలో, ఈ చేతిరాత నాదని తెలిసినంత ఖాయంగా తెలిసింది.

తెలిసి నేనన్న మాట ఇది: "ఇది కోర్టులో నిలవదండి."

నాన్న తలెత్తాడు. ఎస్సై కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను చెప్పుకుపోయాను. ఉప్పుచేపల కింద కాగితం ఇలా ఉండదు, ఆవిడ ప్లీడరు మొదట అడిగేది అదే, మీ కేసు అక్కడే పడిపోతుంది అని. క్లాసులో అడ్డుప్రశ్నలకి జవాబు చెప్పినట్టే చెప్పాను, ఎదురుగా పోలమ్మప్ప గంప ఉందని కూడా మరిచిపోయి. మరిచిపోయానా, చూడ్డం మానేశానా అంటే చెప్పలేను. "మరేం చెయ్యాలంటారు?" అని ఎస్సై అడిగాడు. నాన్న చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోకుండా నా నోటివైపే చూస్తున్నాడు. ఇరవై మూడేళ్ళ బతుకులో ఆయన నన్ను అలా చూడ్డం అదే మొదలు. కొత్త కాగితం అడిగాను. నా చేత్తోనే మొదటి నుంచీ మళ్ళీ రాశాను. మేం ముందే వెళ్ళి నిలబడ్డాం, మా కళ్ళముందే గంప దింపించారు, ఆకులు తీశారు, మైనపు గుడ్డలో చుట్టిన కరపత్రాలు బయటపడ్డాయి. ఒక్క పొల్లు పోకుండా, కన్నతల్లి పేరు రాసినంత శ్రద్ధగా రాశాను. కింద సంతకం, పక్కన బి.ఎల్. కరణం సంతకం దారిలో మళ్ళీ పెట్టించుకుంటానన్నాడు ఎస్సై.

"గుడ్డ కూడా చూపించాలి కదండీ కోర్టుకి" అన్నాడు ఎస్సై.

ఆ గుడ్డ ఎస్సై లోపలికొచ్చి తీసుకున్నాడని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మా ఆవిడకీ అలాగే చెప్పాను. కాదు. నేనే లేచి లోపలికి వెళ్ళాను. బల్లమీద థీసిస్ ఉంది. గుడ్డ విప్పి, కాగితాలు బల్లమీద పేర్చి, చెదరకుండా పైన చెంబు పెట్టి, గుడ్డ తెచ్చి ఇచ్చాను. వంటింటి గడపలో అమ్మ నిలబడి ఉంది. ఎస్సై అన్నం తిని, పులుసు బాగుందని చెప్పి వెళ్ళాడు. అమ్మ ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎండుచేప వండలేదు. సాయంత్రం నాన్న కుర్చీలోంచి లేస్తూ నా దగ్గర ఆగాడు. "సంతకం పెట్టమన్నాను గానీ, రాయమన్నానేట్రా?" అన్నాడు. మెప్పు కోసం చేసినవాడికి మెప్పు కూడా దక్కలేదు.

నేను మధ్యాహ్నమే బల్ల ముందు కూర్చుని నిందితుడి హక్కుల అధ్యాయం ముగించాను. కలం ఎక్కడా ఆగలేదు. ఆ అధ్యాయాన్నే తరవాత అందరూ మెచ్చుకున్నారు.

కేసు తాలూకా కోర్టులో నడిచింది. నన్ను వాల్తేరు నుంచి పిలిపించారు. బోనులో నిలబడి ప్రమాణం చేసి, నా సమక్షంలోనే దొరికాయి అని చెప్పాను. పోలమ్మప్ప అటు గోడవార నిలబడి ఉంది. చిక్కిపోయింది. చుట్ట లేని ఆమె నోరు నాకు కొత్తగా కనిపించింది. నన్ను చూసి, ఇంట్లో మనిషి వచ్చాడన్నట్టు ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి కూడా నేను చెప్పవలసింది చెప్పేశాను. ఆమె తరఫు ప్లీడరు కుర్రవాడు, నన్ను రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు. అడగవలసిన ప్రశ్న నేనే ముందుగా కాగితంలో పూడ్చేశాను కదా.

మేజిస్ట్రేటు గారు ఆమెని అడిగారు. "కాయితాలు నావి కావు బాబూ. నా గంపలో కాయితం ఎప్పుడూ ఎయ్యను. ఉప్పు తాగీస్తాది" అంది. ఆమెకున్న నిజం అదొక్కటే, అది చాలు కూడా. మేజిస్ట్రేటు గారు తల ఊపి, "అందుకే గుడ్డలో చుట్టావు" అన్నారు. బంట్రోతు గుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఇది ఎవరిది?" ఆమె దాన్ని తిప్పి చూసింది. కుట్టు మీద బొటనవేలు రాసింది. వాసన చూసింది. "మాదే బాబూ. మా ఆయన సేసినాడు" అంది. "మరి గంపలోకెలా వచ్చింది?" అని అడిగారు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో తెలీదు. ఇప్పుడు చెబుతుంది, ఈ బాబుకి నేనే ఇచ్చాను అంటుంది అనుకున్నాను. చెప్పాలని కోరుకున్నానో, చెప్పకూడదని కోరుకున్నానో అడిగితే, చెప్పకూడదనే కోరుకున్నాను. "ఏమో బాబూ, నాకు తెల్దు" అంది. గుమస్తా రాసుకున్నాడు, గుడ్డ తనదేనని ముద్దాయి ఒప్పుకుంది అని. ఏడాది శిక్ష పడింది. సాక్షి న్యాయశాస్త్రంలో ఉన్నత విద్య చదువుతున్నవాడు, ముద్దాయి మీద అతనికి పగ లేదు, కాబట్టి అతని మాట నమ్మదగింది అని తీర్పులో ఉంది. పగ లేదన్న మాట నిజమే.

ఆ తరవాత ఆమెని ఒక్కసారే చూశాను. నేను లెక్చరరునై, మొదటి జీతాలు తీసుకుంటున్న రోజుల్లో ఊరికి వస్తూ కోటబొమ్మాళిలో రైలు దిగాను. ప్లాట్‌ఫారం చివర తాటి తేగలు అమ్ముకుంటూ కూర్చుని ఉంది. చూడనట్టు పోదామనుకున్నాను. ఆమె చూసేసింది. "బాబూ, సదువైపోనాదేటి?" అయిపోయిందన్నాను. "పోన్లే. గుడ్డ నేదు కదా, మరి కాయితాలు తడవనేదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. ఆమెకి ఎత్తిపొడుపు రాదు. నా కాగితాల గురించే నిజంగా అడిగింది. తడవలేదు అప్పా అన్నాను. కూర్చోమంటే కూర్చున్నాను. వాళ్ళాయన, ఆమె లోపల ఉండగానే, తుపానులో తెప్పతో సహా పోయాడట. కొండవైపు మళ్ళీ వెళ్ళలేదట, జైలుకెళ్ళొచ్చినదాన్ని ఎక్కడ చూసినా ఆపేస్తున్నారట. అప్పుడు అడగ్గలిగాను, ఆ రోజు కోర్టులో ఎందుకు చెప్పలేదు అప్పా అని.

"సెప్తే నిన్నూ లోపలేస్తారు కదా. ఇద్దరం లోపల కూకుని ఏటి సేస్తాం? సదువు మజ్జిలో ఉన్నావు" అంది. తేగలు సర్దుకుంటూ, "నాకు తెల్దేటి బాబూ. నీకాడ లాక్కున్నారు ఆ గుడ్డ. మీ అయ్య మాటకి ఎదురు సెప్పనేకపోనావు. ఆ పోలీసోల ముందు ఎవులు నిలబడగల్రు" అంది.

అప్పుడు చెప్పవలసింది. ఎవరూ లాక్కోలేదు, నేనే తెచ్చి ఇచ్చాను, నేనే రాశాను అని. రైలు వెళ్ళిపోయింది, ప్లాట్‌ఫారం మీద ఇంకెవరూ లేరు, చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేను తల ఊపాను. అవును అన్నట్టు ఊపాను. పంచనామాకంటే నాకు ఆ తల ఊపడమే ఎక్కువ నొప్పి. అంత మంచి మనిషి తన చేత్తో నాకో సాకు అందిస్తే, గుడ్డ తీసుకున్నంత సులువుగా అదీ తీసుకున్నాను.

లేచి వెళ్ళబోతుంటే, "బాబూ, నువ్వు లా సదివినావు కదా. ఆ గుడ్డ కోర్టోలకాడే ఉండిపోనాది. ఇప్పించగలవేటి? ఆయన సేతిది ఇంకేటీ నేదు నాకాడ. అన్నీ తెప్పతోటే పోనాయి" అంది. చూస్తానప్పా అన్నాను. ఒక్క అర్జీ. అరపేజీ కూడా ఉండదు. అలాంటి అర్జీలు రాయడం ఏళ్ళ తరబడి పిల్లలకి నేర్పాను. దాని కింద నా పేరుండాలి, నీకేం సంబంధమని అడుగుతారు, అందుకని రాయలేదు. ఈ వారం, వచ్చే నెల, వేసవి సెలవుల్లో అనుకుంటూనే ఉన్నాను. కొన్నేళ్ళకి అమ్మ కబురు చెప్పింది, పోలమ్మ పోయిందని. చెప్పి, నా ముఖం చూడకుండా లోపలికెళ్ళిపోయింది.

ఇదంతా రోహిణికి చెప్పాను. మూడుసార్లు ఆగి చెప్పాను. ఆ పిల్ల మొదట రాసుకుంటూ, తరవాత రాసుకోవడం మానేసి విన్నది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను. "ఇప్పుడు చేత్తో రాయరు సార్. స్టేషన్లో కంప్యూటర్లో ఉంటుంది, పేరూ ఊరూ మార్చి ప్రింటు తీస్తారు" అని మాత్రం అంది. మా రోజులకీ ఈ రోజులకీ అంతే తేడా అయితే, నేను పాఠం చెప్పిన ఆ ఏళ్ళన్నీ ఏమైపోయినట్టు? నిందితుడి హక్కుల మీద నా పాఠం బాగుంటుందని పిల్లలు వేరే సెక్షన్ల నుంచి కూడా వచ్చి కూర్చునేవారు. వాళ్ళలో ఒక్కడైనా ఎక్కడో ఒక పంచలో సంతకం పెట్టకుండా కాగితం తిరిగి ఇచ్చేసి ఉంటాడా? నాకు తెలీదు. అలా ఇచ్చెయ్యమని చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు కాబట్టి, ఆ సంగతి పాఠంలో ఎప్పుడూ చెప్పలేదు.

ఇది తన థీసిస్‌లో వాంగ్మూలంగా పెట్టడానికి ఒప్పుకుంటారా అని అడిగింది. ఒప్పుకున్నాను. వారం తరవాత టైపు చేయించి తెచ్చింది. రెండు పేజీలు, శుభ్రంగా, వరసగా ఉంది. నేను తడబడి చెప్పినదంతా సరిచేసింది. మంచి లాయరవుతుంది. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. "తండ్రి ఆజ్ఞ మేరకు, పోలీసుల ఒత్తిడికి లోనై, సదరు పంచనామా రాసి, గుడ్డ అందజేశాను."

"ఇది నేను చెప్పలేదు కదమ్మా" అన్నాను.

"అనలేదు సార్. కానీ ఆ పరిస్థితుల్లో..." అని కాస్త సిగ్గుపడింది. "ఇరవై మూడేళ్ళవారు. ఎదురుగా నాన్న గారు, పోలీసులు. చదివేవాళ్ళు మిమ్మల్ని అపార్థం చేసుకోకుండా ఉండాలని నేనే పెట్టాను. అది లేకపోతే వాక్యం నిలవదు సార్."

ఆ పిల్ల ముఖంలో ఉన్న జాలి నాకు తెలిసిన జాలే. కోటబొమ్మాళి ప్లాట్‌ఫారం మీద తేగల బుట్ట పక్కన కూర్చుని ఉన్నప్పుడు చూశాను. పెన్ను తీసుకుని, 'తండ్రి ఆజ్ఞ' దగ్గర నుంచి 'లోనై' వరకు కొట్టేశాను. పైన ఖాళీలో, "ఎవరూ అడగకుండానే, నా తెలివి చూపించుకోవడానికి" అని రాశాను. 'క్ష' లేని మాటలే గనక తోకలేమీ రాలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పైకి చదవమ్మా అన్నాను. చదివింది. విన్నాను. ఇంక పూడ్చవలసినదేమీ కనబడలేదు.

సంతకం పెట్టాను. పేరు పక్కన డిగ్రీలు రాయలేదు.